దిన్నె లేని ఫోటో

జరుగుదిన్నె సర్పంచి రుద్రక్క చాలా సభల్లో చప్పట్లు కొట్టింది. ఎప్పుడు కొట్టాలో తెలియక పక్కవాళ్లను చూసి కొట్టేది. ఒక్క సభలో మాత్రం ఎవరినీ చూడకుండా, అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా తానే కొట్టింది. ఆ తర్వాత తన ఊరికి పట్టిన గతి అంతా ఆ చప్పట్లలోనుంచే పుట్టిందని ఆమె ఇప్పటికీ నవ్వుతూ ఒప్పుకుంటుంది. నవ్వకపోతే ఏడవాలి కాబట్టి నవ్వడమే మేలని ఆమె లెక్క.

జరుగుదిన్నె రాయలసీమలో, కర్ణాటక పొలిమేర దగ్గర, ఎండిపోయిన ఏటి ఒడ్డున ఉంది. ఏట్లో నీళ్లు లేవు గానీ ఇసుకకు కరువు లేదు. ఆషాఢం గాలి లేచిందంటే ఆ ఇసుక కూడా లేచి ఊరివైపు నడుస్తుంది. మొదట చేలను మింగింది. తర్వాత కళ్లాలను మింగింది. ఇప్పుడు పడమటి వీధి చివర, ఈరమ్మవ్వ ఇంటి గోడకు ఒళ్లు ఆనించి, కిటికీ ఎత్తున దిన్నె అయి కూర్చుంది. ఈరమ్మవ్వ తన పడమటి తలుపు తెరవడం మానుకుని చాలా ఏళ్లయింది. తెరిస్తే ఇసుక చుట్టం మాదిరి లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంటుంది.

రుద్రక్క ఎన్నికల్లో నిలబడి ఓట్లు అడిగింది ఒక్క మాట మీదే. "ఇంగొక ఆషాఢం రాకముందే దిన్నెను వీధిలోనుంచి ఎత్తిపిస్తా. ఎత్తిపియ్యకపోతే నన్ను అదే దిన్నె మీద నిలబెట్టి నగండి." జనం ఓట్లు వేశారు. ఆషాఢాలు వచ్చిపోతున్నాయి. దిన్నె మాత్రం అక్కడే ఉంది, రోజూ కొంచెం పెరుగుతూ.

ఊరివాళ్లే పారలు, గంపలు పట్టి ఎత్తుకోవచ్చు కదా అనవచ్చు. ఎత్తకూడదు. ఆ చుట్టుపక్కల ఉన్న ఇసుకంతా ఎడారి దృశ్యాభివృద్ధి సంస్థ వారిది. రాష్ట్రానికి ఉన్నదే ఇంత ఎడారి, దాన్ని కాపాడుకోవాలని సంస్థ పుట్టింది. సంస్థ అనుమతి లేనిదే గంపెడు ఇసుక కదిలించినా నేరం. గాలి కదిలిస్తే మాత్రం నేరం కాదు. గాలి సంస్థ పరిధిలోకి రాదు.

అనుమతి కోసం రుద్రక్క అర్జీ పెట్టింది. అర్జీతో పాటు దిన్నె ఫోటో ఒకటి జత చేసింది. అది ఆమె మొగుడు వన్నూరప్ప తన ఫోనులో తీసింది. అందులో సగం దిన్నె, సగం వన్నూరప్ప బొటనవేలు. సంస్థ నుంచి జవాబు వచ్చింది: "మీరు పంపిన చిత్రము మసకగా నున్నందున, దిన్నె ఉన్నదీ లేనిదీ నిర్ధారించుట సాధ్యపడలేదు. కనబడుచున్నది వేలు మాత్రమే. వేలు తొలగింపు మా పరిధిలోనిది కాదు."

సరిగ్గా అప్పుడే సంస్థ సంయుక్త సంచాలకులు పరాంకుశరావుగారు దేశాలు తిరిగి వచ్చారు. అక్కడెక్కడో ఒక ప్రదర్శనలో ఎడారి ఫోటో ఒకటి చూశారట. కాళ్ల దగ్గరి ఇసుక రేణువూ స్పష్టం, కనుచూపు మేర అవతలి కొండా స్పష్టం. మండే సూర్యుడూ కనబడుతున్నాడు, కొండ గుహలోని చీకటీ కనబడుతోంది. ఆయన ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడి, తిరిగి వచ్చి సర్పంచులందరినీ సభకు పిలిపించారు.

"సోదర సోదరీమణులారా," అన్నారు పరాంకుశరావుగారు. "మనము చూచునట్టిది ఒక్క చూపు. ఒక్క చూపు మోసపూరితమైనది. దగ్గర చూచిన దూరము మసక, దూరము చూచిన దగ్గర మసక. కావున ఇకమీదట సంస్థకు సమర్పించు ప్రతి చిత్రమూ సర్వస్పష్టతా విధానమున తీయబడవలెను. కెమెరాను కదల్చకుండ, దగ్గరి దానిపై దృష్టి నిలిపి ఒకటి, దూరపు దానిపై ఒకటి, ఆవలి కొండపై ఒకటి తీసి, స్పష్టమైన భాగములను ఏరి ఒకదానిపై నొకటి పేర్చవలెను. దీనినే ఫోకస్ స్టాకింగ్ అందురు. చీకటిగా కొన్ని, వెలుతురుగా కొన్ని తీసి కలిపి, నీడయన్నది లేకుండ చేయవలెను. దీనినే ఎక్స్‌పోజర్ బ్లెండింగ్ అందురు. ఒక్క ఛాయాచిత్రము అబద్ధమాడవచ్చును. అనేక ఛాయాచిత్రములు ఏకగ్రీవముగా అబద్ధమాడజాలవు!"

ఇదిగో, ఇక్కడే రుద్రక్క చప్పట్లు కొట్టింది. మసక అన్న మాట ఇంక వినబడదన్న సంతోషం ఒకటి. మైకులో సరిగ్గా చెవిన పడిన మాట "స్టాకు" ఒక్కటే కావడం ఇంకొకటి. స్టాకంటే ఆమెకు తెలుసు. ఊరి చౌక దుకాణంలో ఎప్పుడడిగినా లేనిది.

ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే మొగుణ్ణి పిలిచింది.

"ఏమప్పా, మనూరికి ఫోకస్ స్టాకు వస్తాండాది."

వన్నూరప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఏం స్టాకు?"

"ఫోకస్ స్టాకు. ఒకదాని మీద ఒకటి పేరుస్తారంట."

"బియ్యం మాదిరా, ఎరువు మాదిరా?"

"నేను అడగల్యా. అందరూ తలకాయ ఊపుతాండ్రి. నేనూ ఊపితి."

"ఊపి ఊరుకుంటివా, సప్పట్లు గూడా కొడితివా?"

"నేనే మొదలుపెడితి."

"అయితే మనకే ముందు వస్తాదిలే," అన్నాడు వన్నూరప్ప. "నీ సప్పట్లకు పడేది ఎప్పుడూ మన నెత్తినే గదా."

మర్నాడు రుద్రక్క దగ్గరుండి పంచాయతీ ఆఫీసు వెనక గది ఖాళీ చేయించింది. విరిగిన బల్లలు బయట వేయించింది. తడి తగలకుండా కింద చెక్కలు పరిపించింది. పురుగు పట్టకుండా మూలమూలనా వేపాకు పెట్టించింది. తాళం కొత్తది కొనిపించింది. ఊరంతా స్టాకు కోసం ఎదురుచూసింది.

వచ్చింది దస్తగిరి. సంస్థ ఫోటోగ్రాఫరు. మోటారు సైకిలు మీద ఒక సంచీ, ఒక మూడు కాళ్ల స్టాండు.

"లోడు యాడ?" అని అడిగింది రుద్రక్క, రోడ్డు చివరి దాకా చూస్తూ.

"ఏం లోడక్కా?"

"స్టాకు."

దస్తగిరి సంచీ తట్టాడు. "స్టాకంతా ఇందులోనే చేస్తానక్కా. తీసి, పేర్చి, బ్లెండింగు చేసి ఇస్తా."

"పెండింగా?" రుద్రక్క నడుము మీద చేయి వేసుకుంది. "ఇంగా తీయనే ల్యాదు, అప్పుడే పెండింగు పెడితివా?"

"పెండింగు కాదక్కా, బ్లెండింగు."

"ఏదైతే ఏముందిలేప్పా. మీ ఆఫీసులో రెండిటికీ పట్టేది అంతే కాలం గదా."

విషయం అర్థమైన తర్వాత వన్నూరప్ప వేపాకు పెట్టిన గదిని చూసి వారం రోజులు నవ్వాడు. రుద్రక్క కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ కొత్త తాళం తెచ్చి ఇంటి ధాన్యపు గదికి వేసుకుంది.

దస్తగిరి పని మాత్రం భక్తితో చేస్తాడు. స్టాండును ఇసుకలో పాతి, బోర్లా పడుకుని, ఒక ఇసుక రేణువును పూజారి దీపాన్ని చూసినట్టు చూశాడు. రేణువు మీద ఒక ఫోటో, ఈరమ్మవ్వ ఇంటి మీద ఒకటి, కొండ మీద ఒకటి. మళ్లీ అవే చీకటిగా, మళ్లీ అవే వెలుతురుగా. దిన్నె ఎంత దగ్గరికి వచ్చిందో తెలియాలని రుద్రక్క ఈరమ్మవ్వను గోడ పక్కన నిలబెట్టింది. "అవ్వా, కదలాకు," అని గట్టిగా చెప్పింది. ఈరమ్మవ్వకు చెవుడు లేదు గానీ నిలకడ కూడా లేదు.

ఫోటో సంస్థకు చేరింది. రుద్రక్కకు పిలుపు వచ్చింది.

పరాంకుశరావుగారి గది చల్లగా ఉంది. గోడ నిండా ఎడారులు. ఆయన కంప్యూటరు తెరను ఆమెవైపు తిప్పి, వేలితో చూపించారు.

"ఏమిటమ్మా ఇది? ఒక గృహమునందు ముగ్గురు ఈరమ్మలు!"

రుద్రక్క ముక్కు తెరకు ఆనించి చూసింది. నిజమే. ఒక ఈరమ్మవ్వ ముక్కు గోక్కుంటోంది. ఇంకొక ఈరమ్మవ్వ కోడిని తోలుతోంది. మూడో ఈరమ్మవ్వ నడుము దాకానే ఉంది, కింద గోడ కనబడుతోంది.

"ఒకరే సార్ ఆయమ్మ. నిలబడమంటే నిలబడల్యా. ఒక్కో ఫోటోలో ఒక్కో తావ పడింది."

"చిత్రము ముగ్గురని చెప్పుచున్నది. ఒక చిత్రము కాదు, అనేక చిత్రములు కలిసి చెప్పుచున్నవి. అనగా సాక్ష్యము బలముగా నున్నది. ఇద్దరు ఈరమ్మలను గురించి పంచాయతీ ఎందుకు దాచినది? ఈ అర్ధ ఈరమ్మ మిగతా అర్ధభాగము ఎచ్చట?"

"కోడి తావకు పోయింది సార్."

"వ్యంగ్యము వద్దు."

అది వ్యంగ్యం కాదని ఆమె చెప్పబోయి ఊరుకుంది. చివరికి ఆయన దయతలచారు. దిన్నె అర్జీని తోసిపుచ్చకుండా, మళ్లీ ఫోటో తీయించుకోవడానికి అవకాశం ఇచ్చారు. అయితే ఫోటో తీసే సమయంలో స్థలంలో ఏదీ కదలరాదు. మనుషులు, పశువులు, పక్షులు, వస్త్రములు, ఇసుక. అందుకు సర్పంచి బాధ్యురాలు.

"గాలి వస్తే సార్?"

"పంచాయతీ తీర్మానము చేయుడు," అన్నారు పరాంకుశరావుగారు.

సంగతి విన్న ఈరమ్మవ్వ బుగ్గన వేలు పెట్టుకుంది. "నేను ముగ్గురినంటనా? సరేలే తల్లీ. మిగిలిన ఇద్దర్నీ పంపీమను, రోంత గడప కాడ ఇసుకన్నా ఊడుస్తారు."

రుద్రక్క తీర్మానం చేసింది. ఏం చేస్తుంది మరి? "ఫోటో దినమున గ్రామమునందు గాలి వీయరాదని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది" అని రాయించి సంతకం పెట్టింది. అప్పుడు ఆమెకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆమెకు ముందటి సర్పంచులెవరూ గాలికి ఉత్తర్వు ఇచ్చి ఉండరు. తర్వాత తప్పెట కొట్టించి చాటింపు వేయించింది. మేకల్ని లోపల కట్టాలి. కోళ్లను గంపల కింద మూయాలి. ఆరేసిన బట్టలు తీయాలి. చంటిపిల్లలకు పాలు పట్టి పడుకోబెట్టాలి. పడమటి వీధిలో నిలబడేవాళ్లు నిలబడినచోటే ఉండాలి.

ఇక మిగిలింది ఇసుక. ఎండిన ఇసుక ఊరికే ఉండదు. రుద్రక్క తల బద్దలు కొట్టుకుని ఒక ఉపాయం కనిపెట్టింది. తాగునీటి ట్యాంకు నీళ్లు అటు తిప్పించి దిన్నెను తడిపించింది.

బిందెలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్లు ఖాళీ కొళాయి దగ్గర నిలబడి దిన్నెను చూశారు, రుద్రక్కను చూశారు.

"ఏమి రుద్రక్కా, దిన్నెకు దప్పికయిందా?"

"అది తాగినాక మిగిలితే మాకు రోంత పోస్తావా?"

"ఒక్క పూట సర్దుకోండమ్మా. ఫోటో కోసరం."

"దిన్నెను ఎత్తిపిస్తానని ఓటు అడిగి, దిన్నెకు స్నానం చేపిస్తాండావే తల్లీ!"

రుద్రక్క కొళాయి దగ్గరి నుంచి తప్పుకుంది. ఇంటికిపోయి పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని వచ్చి, ఈరమ్మవ్వ పక్కన నిలబడింది. అవ్వ కొంగును తన చేతికి చుట్టుకుని పట్టుకుంది, కదిలితే ఆపడానికి. వీధి పొడవునా ఊరి జనం బొమ్మల మాదిరి నిలబడ్డారు. దస్తగిరి "రెడీ" అన్నాడు. ఒక ఈగ వచ్చి సరిగ్గా రుద్రక్క ముక్కు మీద వాలింది. ఆమె కదలలేదు. ఈగ అటు నడిచింది, ఇటు నడిచింది, పెదవి మీదికి దిగింది. ఊరి భవిష్యత్తు ఈగ కాళ్ల కింద ఉందనుకుని ఆమె ఓర్చుకుంది. గాలి కూడా ఆ పూట నిజంగానే వీయలేదు. తీర్మానం పని చేసిందని వన్నూరప్ప పెదవులు కదపకుండా అన్నాడు.

వారానికి దస్తగిరి పెద్ద ఫోటో ఒకటి చుట్టి తెచ్చాడు. పంచాయతీ ఆఫీసు బల్ల మీద పరిచాడు. అందరూ మూగారు.

అంత అందమైన ఫోటో ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. ముందున్న ఇసుక రేణువు నుంచి వెనకున్న కొండ దాకా ఒక్క మసక లేదు. ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. రుద్రక్క తన పట్టుచీర కోసం వెతికింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేలు పెట్టి వెతికింది.

"నేను యాడుండాను?"

దస్తగిరి మొహమాటపడ్డాడు. "కదిలినావక్కా."

"ఈగ వాలినా కదలల్యా!"

"ఊపిరి తీసుకుంటివి గదక్కా. ఊపిరి తీసుకుంటే చీర కుచ్చెళ్లు కదుల్తాయి. ఒక ఫోటోకీ ఇంకొక ఫోటోకీ తేడా వచ్చినోళ్లను కంప్యూటరు దెయ్యం అంటాది. ముందుసారి ముగ్గురు ఈరమ్మలయిరి గదా, సార్ కోప్పడినాడు. ఈసారి దెయ్యాలన్నిటినీ తీసేసినా."

"ఊరంతా దెయ్యాలేనా?"

"ఊపిరి తీసుకునేటోళ్లంతా."

"దిన్నె ఏదప్పా మరి? దిన్నె ఊపిరి తీసుకోల్యా గదా?"

"అదే అక్కా, ఆ తెల్లగా ఉండేదంతా అదే." దస్తగిరి ముఖం వెలిగింది. "నీడ చుక్క ల్యాకుండా తీసేసినా. ఎంత కష్టమైందనుకున్నావు!"

అదీ సంగతి. దిన్నెకు ఒక పక్క ఎండ, ఇంకొక పక్క నీడ ఉంటేనే అది దిన్నె. నీడ తీసేస్తే పరిచిన పంచె. ఫోటోలో ఈరమ్మవ్వ ఇంటి ముందు తెల్లటి చదును నేల, ఆ నేల మీద కిటికీ దగ్గర మొదలై పైకప్పుతో ముగిసే చిన్న ఇల్లు. అంతే.

రుద్రక్క ఫోటోను చాలాసేపు చూసింది. కోపం రావలసినచోట ఆమెకు ఇంకొకటి వచ్చింది. 'ఎంత బాగుంది మా ఊరు!' అనిపించింది. జనం లేక, మేకలు లేక, దిన్నె లేక, తాను లేక. ఆ మైమరపులోనే ఫోటో అందినట్టు సంతకం కూడా పెట్టేసింది. ఆమె చేసిన తెలివితక్కువ పనుల్లో చప్పట్ల తర్వాతి స్థానం ఈ సంతకానిదే.

సంస్థ ఉత్తర్వు రావడానికి ఆలస్యం కాలేదు. వన్నూరప్ప గట్టిగా చదివాడు.

"ఆమోదిత చిత్రమును పరిశీలించగా, సదరు స్థలమునందు దిన్నె యేదియు లేదు. కావున దిన్నె తొలగింపు ప్రశ్నయే ఉత్పన్నము కాదు. సదరు స్థలమునందు మానవులెవరును లేరు. అయితే నిర్ణీత ఎత్తుకన్న తక్కువ ఎత్తుగల కొన్ని పొట్టి కట్టడములు కనబడుచున్నవి. ఇవి నిబంధనలకు విరుద్ధముగా నిర్మింపబడినవి. అంతియేగాక నిర్మానుష్యమైన ఈ సుందర దృశ్యమునకు అడ్డముగా నున్నవి. కావున వీని కూల్చివేతకు ముందు క్షేత్ర పరిశీలన జరుపబడును."

చదవడం అయింది. దిన్నెను ఎత్తండని అడిగితే ఇళ్లను ఎత్తేస్తున్నారు. ఈరమ్మవ్వ ఒక్కతే అడిగింది, "పొట్టి ఇల్లంటే ఎవురిదే?" అని. రుద్రక్క తల వంచుకుంది.

క్షేత్ర పరిశీలనకు పరాంకుశరావుగారు స్వయంగా వచ్చారు. ఆషాఢం ఇంకా రాలేదు గానీ దానికి ముందు వచ్చే దుమ్ము గాలి అప్పటికే మొదలైంది. ఆయన నల్లని బూట్లు తళతళ మెరుస్తున్నాయి. జీపు దిగి దిన్నె ఎక్కి, ఈరమ్మవ్వ కిటికీ ముందు నిలబడ్డారు.

"సార్, మీరు నిలబడుండేదే దిన్నె," అంది రుద్రక్క. "ఇంటి గడప మీ కాళ్ల కింద నడుంలోతున ఉండాది. ఎదురుగా ఉండేటోళ్లమంతా మనుషులం. నేను రుద్రక్కను. మీతో మాట్లాడతాండా."

పరాంకుశరావుగారు ఆమెను జాలిగా చూశారు. "మీరు ఉండవచ్చునమ్మా. నేను కాదనను. కాని ఆధారము లేదు."

"మీ కళ్లతో చూస్తాండారు గదా సార్."

"అది ఒక్క చూపు," అన్నారాయన. "దస్తగిరీ, పరిశీలన చిత్రము కానిమ్ము. నేను వచ్చినట్లు సర్వస్పష్టముగా ఉండవలెను."

ఆయన తన నిబంధనను తాను తప్పే మనిషి కాదు. ఛాతీ విరిచి, గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. దస్తగిరి ముందుగా ఆయన బూట్ల మీద దృష్టి నిలిపాడు. తర్వాత మోకాళ్ల మీద. తర్వాత ఛాతీ మీద. అంతలో గాలి లేచింది. ఆ రోజుకు తీర్మానం చేయడం రుద్రక్క మరిచిపోయింది. ఇసుక జలజలా పారి బూట్లను కప్పింది. చీలమండలు కప్పింది. ఆయన కదలలేదు. కదిలితే దెయ్యం. దస్తగిరి కెమెరా దృష్టిని వెనక కొండ మీదికి తిప్పాడు. ఇసుక పిక్కల దాకా వచ్చింది.

"ఎంత... మిగిలినది?" అన్నారు పరాంకుశరావుగారు పెదవులు కదపకుండా.

"చీకటివి అయినాయి సార్. వెలుతురువి మిగిలుండాయి."

"ఇసుక... వచ్చుచున్నది."

"ఇసుక యాడిది సార్?" అంది రుద్రక్క. ఆమె కావాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. "ఫోటోలో ల్యాదు గదా."

దస్తగిరి "అయింది" అనే వేళకు ఇసుక మోకాళ్లు దాటింది. ఊరి మగవాళ్లు ఇద్దరు చెరో చంక పట్టుకుని లాగారు. పరాంకుశరావుగారు వచ్చారు. కుడి కాలు బూటుతో వచ్చింది. ఎడమ కాలు మేజోడుతో వచ్చింది. గాలి ఇంకా పెరుగుతుంటే ఆయన ఎడమ కాలు ఎత్తి కుంటుకుంటూ జీపెక్కి వెళ్లిపోయారు. కూల్చివేత గురించి ఏమీ చెప్పలేదు.

చెప్పవలసినది సంస్థ చెప్పింది. పరిశీలన చిత్రం మహా గొప్పగా వచ్చింది. పరాంకుశరావుగారు నఖశిఖ పర్యంతం స్పష్టంగా ఉన్నారు, రెండు బూట్లూ అద్దాల్లా మెరుస్తున్నాయి. అక్కడే చిక్కు వచ్చింది. ఆమోదిత చిత్రంలో బూట్లు రెండు, అధికారి దగ్గర ఉన్నది ఒకటి. చిత్రానికీ నేలకూ తేడా! సంస్థ నియమావళిలో అంతకంటే పెద్ద నేరం లేదు. చిత్రం తప్పు కావడానికి వీలు లేదు, అనేక చిత్రాలు ఏకగ్రీవంగా చెప్పాయి. కాబట్టి నేలనే సరిదిద్దాలి. బూటును వెలికితీసి చిత్రంలో ఉన్నచోట ఉంచేదాకా కూల్చివేతతో సహా అన్ని చర్యలూ నిలిపివేయడమైనది.

ఏళ్ల తరబడి కదలని ఫైలు వారం తిరగకుండా కదిలింది. పొక్లెయిన్లు వచ్చాయి, టిప్పర్లు వచ్చాయి. దిన్నె లేదు కనుక కాగితాల్లో ఎక్కడా దిన్నె తవ్వకం అని రాయలేదు. "బూటు వెలికితీత" అని రాశారు. ఇసుకను తవ్వి, వెతికి, టిప్పర్లలో నింపి, అడ్డం రాకుండా దూరంగా ఏటి అవతలికి తోలిపోశారు.

బూటు మొదటి రోజే దొరికింది. పొక్లెయిన్ తొండం ఎత్తిన ఇసుకలోనుంచి జారి వన్నూరప్ప కాళ్ల దగ్గర పడింది. "దొరికిం..." అని అరవబోయిన మొగుడి నోరు రుద్రక్క అరచేత్తో మూసింది. రెండో చేత్తో బూటును చీర మడతలో దోపుకుని, నడుం నొప్పి ఉన్నదానిలా మెల్లగా ఇంటికి నడిచి, కోళ్ల గంప కింద పెట్టింది.

సాయంత్రం పొక్లెయిన్ డ్రైవరు వచ్చి అడిగాడు. "సర్పంచమ్మా, ఈ పక్కంతా చూసినాం. ఇంగ యాడ తవ్వమంటావు?"

"ఆ గోడ పొడుగునా తవ్వప్పా," అంది రుద్రక్క. "దిన్నె జరుగుతా ఉంటాది గదా. బూటూ జరిగింటాది."

గోడ పొడుగునా తవ్వారు. తర్వాత వీధి పొడుగునా తవ్వారు. పరాంకుశరావుగారు రోజూ ఫోను చేసి కనుక్కునేవారు, రుద్రక్క రోజూ నిట్టూర్చేది. కొన్నాళ్లకు ఈరమ్మవ్వ గడప బయటపడింది. అవ్వ పడమటి తలుపు గొళ్లెం తీసి, రెండు చేతులతో లాగి తెరిచింది. పొద్దు వాలుతోంది. ఎండ ఇంట్లోకి వచ్చి, మంచం దాటి, ఎదుటి గోడ దాకా పరుచుకుంది. అవ్వ గడప మీద కూర్చుని చాలాసేపు కళ్లు చికిలించి చూసింది.

"ఏమవ్వా, బాగుండాదా?" అని అడిగింది రుద్రక్క.

"ఏం బాగు? ఎండంతా కండ్లల్లో కొడతాండాది," అంది అవ్వ. కానీ లేవలేదు. పొద్దు పూర్తిగా మునిగేదాకా అక్కడే కూర్చుంది.

వీధి దాదాపు ఖాళీ అయిన రోజుల్లో పక్క ఊరు పాలబండ సర్పంచి చౌడప్ప మోటారు సైకిలు మీద వచ్చాడు. వాళ్ల ఊళ్లోనూ దిన్నె ఉంది. బడి గోడ దాకా వచ్చేసింది. చౌడప్ప టీ తాగాడు, వానల గురించి మాట్లాడాడు, చివరికి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఆ బూటు మీ తావనే ఉండాదంట గదా?"

"ఎవురు చెప్పినారు?"

"ఎవురో అన్నారులే. మీ పని అయిపోవచ్చింది గదా. గాలికి కొట్టుకోని మా ఊరికి వచ్చిందని చెప్తాం. రోంత మాకిస్తే..."

రుద్రక్క కుర్చీలో నిటారుగా సర్దుకుంది. గొంతు సవరించుకుంది.

"అట్ల నోటిమాటకు ఇయ్యడానికి కాదు చౌడప్పా. పద్ధతి ఒకటుంటాది. అర్జీ పెట్టుకో. మీ దిన్నె ఫోటో ఒకటి జత చెయ్యి. మసకది తెస్తే మాత్రం..."

వన్నూరప్ప చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు. పొట్ట పట్టుకుని, శబ్దం రాకుండా, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వుతున్నాడు. రుద్రక్క తన మాటలు తానే వింది. తన నోట్లోకి పరాంకుశరావుగారు ఎప్పుడు దూరి మాట్లాడారో ఆమెకు తెలియలేదు.

లేచి పెరట్లోకి పోయింది. కోళ్ల గంప ఎత్తి, బూటు తీసి, కొంగుతో తుడిచి తెచ్చి చౌడప్ప చేతిలో పెట్టింది.

చౌడప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సంచీలో పెట్టుకుని లేచాడు.

"మా పని అయినాక, దొరికిందని చెప్పి తిరిగి తెచ్చిస్తాలే అక్కా."

రుద్రక్క అతని మోటారు సైకిలు హ్యాండిలు పట్టుకుని ఆపింది.

"పిచ్చోడా, అది దొరికిన రోజు మా ఇండ్లు పోతాయి," అంది. "నీ ఇష్టమొచ్చినంత కాలం వెతికించుకో. దొరకనియ్యొద్దు."